బాంబుల నడుమ బడిపిల్లల నవ్వు

ఉద్యమం అనగానే మనకు లాఠీలు, కాల్పులు, అమరులు గుర్తొస్తారు. మరి ఆ రోజుల్లో పదహారేళ్ల పిల్లలు ఎట్లా బతికారు?

ఉత్తర ఐర్లండ్ ఈ ప్రశ్నకు జవాబిచ్చింది. లీసా మెక్‌గీ తన సొంతూరి మీద రాసిన హాస్య సీరియల్ 'డెర్రీ గర్ల్స్' 2018 నుంచి 2022 దాకా బ్రిటన్‌లో చానల్ 4లో వచ్చింది. కాలం 1990లు. ఊరి పేరు మీదే తగాదా: ఒకరికి డెర్రీ, ఇంకొకరికి లండన్‌డెర్రీ. మూడు దశాబ్దాల ఘర్షణలో 3,500 మందికి పైగా చనిపోయారు. అయినా నలుగురు అమ్మాయిలకు, వాళ్ల వెంట తిరిగే ఇంగ్లిష్ కుర్రాడికి పరీక్షలు, ప్రేమలే పెద్ద సమస్యలు. బ్రిడ్జి మీద బాంబుందంటే, పిల్లలు బడికెట్లా పోతారన్నదే తల్లి బెంగ! ఒకచోట పిల్లలు స్టేజీ మీద గెంతుతుంటారు, ఇంట్లో పెద్దలు టీవీలో బాంబు వార్త చూసి కొయ్యబారిపోతారు. నవ్వుతున్న మన గొంతు అక్కడ పట్టేస్తుంది.

నెల్లూరు తీరానికీ ఇట్లాంటి కాలం ఒకటుంది. 1972-73 జై ఆంధ్ర ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డాయి, ఉద్యోగులు సమ్మె చేశారు. పుస్తకాల్లో మిగిలింది ముల్కీ తీర్పు, ఆరు సూత్రాల పథకం. జీతం రాని ఇంట్లో ఏం వండారు? బందు రోజు పిల్లలు ఏ ఆటలాడారు? 1969 తెలంగాణ విద్యార్థులదీ ఇదే కథ. వాళ్లందరికీ ఇప్పుడు డెబ్బై అటూఇటూ.

నవ్వితే త్యాగం చులకనవుతుందా? కాదు. డెర్రీ నవ్వింది, చావుల్ని మరవలేదు. విద్యార్థి మిత్రులారా, ఈ పూటే మీ తాతయ్యను అడగండి. రాసుకోండి. రేపటికి ఆలస్యం కావచ్చు.