విమానాశ్రయములోని లాంజ్: సభ్యత్వపు రుసుము సార్థకమా?

విమాన ప్రయాణము ఐశ్వర్యవంతుల భోగమని తలచు ప్రాంతములు నేటికిని ఉండవచ్చును గాని, మన రాయికల్ అట్టిది కాదు. దుబాయి, మస్కట్, దమ్మామ్, దోహా అను పేర్లు ఇచ్చటి వృద్ధురాండ్రకు సైతము కరీంనగర్, నిజామాబాద్‌ల వలె సుపరిచితములు. జగిత్యాల నుండి కోరుట్ల వరకు, అటు సిరిసిల్ల దాక, విమానమే మన వారి బ్రతుకుదెరువునకు బాట అయినది. 1970, 1980 దశకములలో మన పెద్దలు బస్సులలో బొంబాయి చేరి, అచ్చటి ఇరుకు గదులలో వీసా కొరకు దినములు లెక్కించుచు, పిదప విమానమెక్కెడివారు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయము ప్రారంభమైన పిమ్మట ఆ బొంబాయి బాధ చాల వరకు తీరినది.

ఈ కారణము చేతనే, లాంజ్ సభ్యత్వమును గూర్చిన చర్చ విద్యార్థుల నడుమ వినవచ్చినపుడు ఇది మనకు సంబంధింపని విషయమని మేము త్రోసిపుచ్చలేకపోతిమి. గల్ఫ్‌లో ఉన్న అన్నలకు, మేనమామలకు సలహా చెప్పవలసినవారు చదువుకొన్న ఈ తమ్ములు, చెల్లెండ్రే గదా!

లాంజ్ అనగా విమానాశ్రయము లోపల ప్రత్యేకముగా అమర్చిన విశ్రాంతి మందిరము. మెత్తని ఆసనములు, భోజనము, కాఫీ, వార్తాపత్రికలు, అన్నిటికన్న మిన్నగా నిశ్శబ్దము అందు లభించును. 1939లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయమున ఇట్టి మందిరమును నెలకొల్పినది. తొలినాళ్లలో అది పిలుపు అందుకొన్న పెద్దలకు మాత్రమే. కాలక్రమమున పిలుపు పోయి వెల వచ్చినది. ఈ వెల చెల్లించువారికే నేడు తలుపు తెరచుచున్నారు.

వెల ఎంత? ఈ రంగమున పేరెన్నికగన్న ప్రయారిటీ పాస్ అను సంస్థ 1992లో వెలసినది. 2024 నాటి దాని అమెరికా ధరల పట్టికలో మూడు తరగతులు కలవు. మొదటి దానికి ఏటికి 99 డాలర్లు, లోనికి పోయిన ప్రతిసారి మరల 35 డాలర్లు. రెండవ దానికి 329 డాలర్లు. అందు 10 పర్యాయములు ఉచితము, ఆపైన ప్రతిసారి 35 డాలర్లు. మూడవ దానికి 469 డాలర్లు చెల్లించినచో ఎన్ని పర్యాయములైనను వెళ్లవచ్చును. గణిత విద్యార్థులు కాగితము, కలము చేతికి తీసుకొందురు గాక. ఏటికి 7 పర్యాయములు పోయిననే రెండవ తరగతి మొదటి దానికన్న చవుక. 14 పర్యాయములు పోయిననే మూడవది రెండవ దానితో సరితూగును. నెలకొకసారి విమానమెక్కు వర్తకునకో, కంపెనీ అధికారికో ఈ లెక్క కుదురును. వారితో మాకు తగవు లేదు.

మన కార్మికుని సెలవు సాధారణముగ రెండేండ్లకొకసారి. వచ్చునపుడు అచ్చటి విమానాశ్రయము, తిరిగి పోవునపుడు శంషాబాద్: వెరసి రెండు పర్యాయములు. ఒక్క ఏటికి మాత్రమే అల్పతరగతి సభ్యత్వము కొన్నను అతనికి 169 డాలర్ల ఖర్చు. ఈ మొత్తము ఎంతటిదో తెలియుటకు మరియొక సంఖ్యను జ్ఞాపకము చేయుదుము. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము యు.ఏ.ఈ., ఖతర్, ఒమన్, బహ్రెయిన్ దేశములకు పోవు మన కార్మికుల కనీస వేతనమును నెలకు 200 డాలర్లకు తగ్గించినది. కార్మిక పక్షమువారు తెలంగాణ హైకోర్టును ఆశ్రయించిరి; 2021లో ఆ తగ్గింపు ఉపసంహరింపబడినది. ఎండలో ఒక మాసము చేయు పనికి 200 డాలర్లు చాలునని పాలకులే ఒకప్పుడు తలచినారు. రెండు పూటల మెత్తని కుర్చీకి 169 డాలర్లు పోయుమని ఆ కార్మికునకు ఏ నోటితో చెప్పగలము?

క్రెడిట్ కార్డు ఉన్నచో లాంజ్ ఉచితమే గదా అని కొందరు మిత్రులు వాదించుచున్నారు. ఉచితమను మాటను విన్నపుడు రెండవసారి ఆలోచించుట మంచిది. ఉదాహరణకు ఐసీఐసీఐ బ్యాంకు 2024 ఏప్రిల్ నుండి తన పెక్కు కార్డులపై, గడచిన మూడు మాసములలో 35,000 రూపాయలు వాడినగాని లాంజ్ ప్రవేశము లేదని నియమము పెట్టినది. కార్డులకును లాంజ్‌లకును నడుమ మధ్యవర్తిగా నిలిచిన డ్రీమ్‌ఫోక్స్ సంస్థ 2025 సెప్టెంబరులో దేశీయ లాంజ్ సేవలనే నిలిపివేసినది. ఇచ్చిన సౌకర్యము తీసివేయుట వారి చేతిలోని పని. కార్డు బాకీ మాత్రము తీసివేయబడదు. గడువు దాటిన బాకీపై నెలకు మూడు శాతమునకు మించి వడ్డీ పడుట సామాన్యము. మన ఊళ్లలో నూటికి మూడు రూపాయల వడ్డీ వ్యాపారిని ఏమని తిట్టుదురో పాఠకులకు తెలియును.

ఇంతకన్న ముఖ్యమైన మాట ఒకటి కలదు. మన వారికి దుర్భరమైన నిరీక్షణ ఏది? రాయికల్ నుండి శంషాబాద్ రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరము. రాత్రి విమానమునకు మధ్యాహ్నమే బాడుగ వాహనములో బయలుదేరుదురు. తల్లి, భార్య, పిల్లలు, ఇద్దరు ముగ్గురు స్నేహితులు వెంట వత్తురు. టికెట్టు లేనివారికి టెర్మినల్‌లోనికి ప్రవేశము లేదు గనుక, అందరును వెలుపలనే కూర్చుండి, ఇంటి నుండి తెచ్చిన సద్ది విప్పుకొని తిని, గడియారము వైపు చూచుచుందురు. మరల రెండేండ్లకు గాని కలిసికొనని మనుష్యులు! వారికి మంచి బల్ల, నీడ, నీరు, పరిశుభ్రమైన మరుగుదొడ్డి కావలసినది అచ్చటనే. లాంజ్ తనిఖీలన్నియు దాటిన పిదప లోపల ఉండును. సాధారణముగ రెండు మూడు గంటలకు మించి ఉండనీయరు. ఎంత రుసుము చెల్లించినను గడప వెలుపలి తల్లికి దానివలన ఒరుగునది లేదు. ఒకవేళ కుర్రవాడు త్వరగా లాంజ్ చేరవలెనని తొందరపడినచో, ఆమెకు దక్కవలసిన ఒక గంట కూడ పోవును.

ప్రయాణికులందరును టికెట్టు ధరలోనే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు అను పేర విమానాశ్రయమునకు సొమ్ము చెల్లించుచున్నారు. సుఖమైన సామాన్య నిరీక్షణశాల వారి హక్కు అని మా అభిప్రాయము. ఇది అసాధ్యమనువారు హజ్‌కు పోయివచ్చిన మన పట్టణపు పెద్దలను అడిగి చూతురు గాక. జిద్దాలో 1981లో వెలసిన హజ్ టెర్మినల్ 210 గుడారపు కప్పుల క్రింద అమర్చబడినది. ప్రక్కలు తెరచియుండును, వేడిగాలి పైకెగసి కప్పు నడుమ రంధ్రము గుండ వెడలిపోవును, యంత్రముల సాయము లేకనే క్రింద నీడ చల్లబడును. దాని రూపకర్తలలో ఢాకాలో జన్మించిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ ముఖ్యుడు. 1983లో ఆ నిర్మాణమునకు ఆగాఖాన్ వాస్తు పురస్కారము లభించినది. ఇహ్రాం ధరించిన రైతుకును, వర్తకునకును అచ్చట ఒకే నీడ.

మన దేశమునను చిన్న ప్రయత్నము జరిగినది. 2024 డిసెంబరులో పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు కలకత్తా విమానాశ్రయమున ఉడాన్ యాత్రీ కేఫ్‌ను ప్రారంభించిరి. చాయ 10 రూపాయలు, నీళ్ల సీసా 10, సమోసా 20. మరుసటి ఏట చెన్నైలోను అట్టిది తెరచిరి. వందల రూపాయల చాయకు భయపడి కడుపు మాడ్చుకొను ప్రయాణికునకు లాంజ్‌కన్న ఇదియే మేలు.

లాంజ్ ఎన్నడును వలదని మేము శాసించుట లేదు. నడుమ విమానము మారుటకు ఎనిమిది పది గంటలు ఆగవలసిన గర్భిణి, జబ్బుపడి తిరిగివచ్చు కార్మికుడు, చంటిబిడ్డలతో ఒంటరిగా పోవు ఇల్లాలు: ఇట్టివారు ఆ ఒక్కసారికి డబ్బు చెల్లించి లోనికి పోవుట దుబారా కాదు. అనేక లాంజ్‌లు సభ్యత్వము లేకయే ఒక్క పర్యాయపు ప్రవేశమును అమ్ముచున్నవి.

సభ్యత్వమునకు ముందు కొనవలసినది వేరొకటి కలదు. ఎమిగ్రేషన్ తనిఖీ ముద్ర గల పాస్‌పోర్టుపై గల్ఫ్‌కు పోవువారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2017లో సవరించిన పథకము ప్రకారము రెండేండ్లకు ప్రీమియము 275 రూపాయలు, పన్ను వేరు. ప్రమాద మరణమునకు, శాశ్వత అంగవైకల్యమునకు 10 లక్షల రూపాయల భీమా. ఆ పత్రమును ఏజెంటు సంచిలోనో, ప్రయాణికుని పెట్టెలోనో వదలిపెట్టినచో అవసరమైన నాడు ఇంటివారికి దాని సంఖ్య సైతము తెలియదు. కళాశాల కార్యవర్గమువారు సెలవులకు ముందు ఒక దినము కేటాయించి, గల్ఫ్ కుటుంబముల పిల్లలచే ఈ పత్రములు తెప్పించి, గడువు ముగిసినదా లేదా చూపించి, ఒక్కొక్క నకలు ఇంట ఉంచునట్లు చేయవలెనని మా మనవి.