పీడన పరీక్షలో భద్రతా అంతరం: హామీ ఎంతవరకు?

వంట గ్యాస్ సిలిండర్ మొదలు కర్మాగారపు బాయిలర్ వరకు, పీడనాన్ని భరించే పాత్రలను వాడుకలో భరించవలసిన దానికన్నా అధిక పీడనానికి గురిచేసి పరీక్షించిన తరువాతే వినియోగానికి అనుమతించడం ఆనవాయితీ. పరీక్ష పీడనానికీ పని పీడనానికీ గల ఈ తేడాయే భద్రతా అంతరం. ప్రమాదం జరిగినపుడు "పరీక్షలో నెగ్గినదే కదా" అన్న వాదన వినవస్తుంటుంది. ఆ అంతరం దేనికి హామీ ఇస్తుందో, దేనికి ఇవ్వదో గ్రహించడం అవసరం.

అంతరం వెనుక లెక్క

గృహావసరాల సిలిండర్‌లో సాధారణ వాతావరణంలో పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 5 నుంచి 7 కిలోలు. పరీక్ష జరిపేది 25 కిలోల వద్ద. చూడటానికి ఇది మూడు రెట్లకు పైబడిన అంతరం. అయితే ఉష్ణోగ్రత 65 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే లోపలి పీడనం దాదాపు 17 కిలోలకు పెరుగుతుంది. అప్పుడు మిగిలేది ఒకటిన్నర రెట్లు మాత్రమే. కనుక భద్రతా అంతరం వాడుకోదగిన అదనపు సామర్థ్యం కాదు. ప్రతికూల పరిస్థితి కోసం కేటాయించిన నిల్వ.

పరీక్షకు నీటిని ఎంచుకోవడానికీ కారణమున్నది. నీరు దాదాపుగా కుంచించుకుపోదు. పాత్ర పగిలినా పీడనం వెంటనే పడిపోతుంది. అదే గాలి అయితే తనలో నిల్వ ఉన్న శక్తినంతటినీ ఒక్కసారిగా విడుదల చేస్తుంది. అందుకే అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం నియమావళి పీడన పాత్రలకు సాధారణంగా నీటితో 1.3 రెట్లు, గాలితో 1.1 రెట్లు కనీస పరీక్ష పీడనంగా నిర్దేశించింది. 1999కి పూర్వం నీటి పరీక్షకు ఇది 1.5 రెట్లు. లోహాల నాణ్యత, తనిఖీ పద్ధతులు మెరుగుపడిన మీదటే ఆ తగ్గింపు సాధ్యమైనది.

ముద్రకూ కాలపరిమితి

పరీక్ష తెలిపేది ఆనాటి స్థితిని మాత్రమే. ఆపై తుప్పు వల్ల రేకు పలుచబడవచ్చు. అతుకుల వద్ద సన్నని పగుళ్లు పెరగవచ్చు. ఈ దృష్టితోనే కొత్త వంట గ్యాస్ సిలిండర్‌కు 10 సంవత్సరాలకు, తదుపరి ప్రతి 5 సంవత్సరాలకు పునఃపరీక్ష జరుపుతారు. సిలిండర్ పైభాగాన గల 'బి-29' వంటి గుర్తు, 2029 జూన్ నెలాఖరులోగా పరీక్ష జరగాలని తెలుపుతుంది. ఎ, బి, సి, డి అక్షరాలు వరుసగా నాలుగు త్రైమాసికాలకు సంకేతాలు.

బాయిలర్ల విషయంలో 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చినప్పటికీ, నిర్ణీత కాలాల్లో తనిఖీ, ధ్రువీకరణ అన్న మూలసూత్రం కొనసాగుతున్నది.

కావున ప్రమాద స్థలంలో అధికారులూ పాత్రికేయులూ "పరీక్ష జరిగిందా?" అన్న ప్రశ్నతో ఆగరాదు. ఎప్పుడు, ఎంత పీడనం వద్ద జరిగింది? రేకు మందం కొలిచారా? సేఫ్టీ వాల్వ్ పనిచేసిందా? ఈ మూడింటికి సమాధానం లభించినపుడే ధ్రువపత్రం విలువ తేలుతుంది.