ఆకులలో పండు టీకా

కోడిగ్రుడ్డునకును, మనకు వచ్చు ఫ్లూ జ్వరమునకును సంబంధమేమని అడిగినచో మీలో పలువురు నవ్వుదురు. కాని 1940వ దశాబ్దము నుండి లోకమున తయారగుచున్న ఫ్లూ టీకాలలో అధికభాగము కోడిగ్రుడ్లలోనే పుట్టుచున్నవి. పిండము పెరుగుచున్న గ్రుడ్డునకు సన్నని రంధ్రము చేసి, అందులోనికి వైరస్‌ను ఎక్కింతురు. రెండు మూడు దినములు వెచ్చగా నుంచిన పిమ్మట లోపలి ద్రవమును తీసి, వైరస్‌ను నిర్జీవము గావించి శుద్ధి చేయుదురు. ఒక్కొక్క రకము వైరస్‌కు ఇంచుమించు మోతాదునకొక గ్రుడ్డు కావలెను. కోట్ల మందికి టీకా వేయవలెనన్న ఎన్ని గ్రుడ్లు కావలెనో మీరే లెక్కవేసికొనుడు!

ఈ పద్ధతి ఎందరినో కాపాడినది. దానిని నేను తూలనాడను. అయినను దానిలో రెండు చిక్కులు గలవు. మొదటిది కాలము. ఫ్లూ వైరస్ ఏటేట రూపము మార్చుకొనును. రానున్న ఋతువున ఏ రకములు వ్యాపింపవచ్చునో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించి చెప్పిన పిదప, టీకా చేతికి వచ్చుటకు ఇంచుమించు ఆరు మాసములు పట్టును. 2009లో క్రొత్త ఫ్లూ ఖండఖండాంతరములకు ప్రాకినది. అది మహమ్మారి యని జూన్ నెలలోనే ప్రకటించిరి; అమెరికాలో టీకా అక్టోబరున గాని రాలేదు. అప్పటికి అక్కడ వ్యాధి పరాకాష్ఠను చేరుచుండెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యనిన ఇదియే. రెండవ చిక్కు ఇంకను వింతయైనది. పక్షులకు వచ్చు ఫ్లూ మనుష్యులలో వ్యాపించినచో, టీకాకు గ్రుడ్లనీయవలసిన కోళ్లే ముందుగా చావవచ్చును. 1918 నాటి ఫ్లూ మనదేశమునందే కోటికి మించిన ప్రాణములను బలిగొన్నదని ఎరిగినవారు ఈ మాటను తేలికగా త్రోసివేయజాలరు.

జంతుకణములలోను, కీటకకణములలోను టీకాను తయారుచేయు పద్ధతులును వచ్చినవి. కాని నా మనస్సును ఆకట్టుకొన్నది మొక్కల పద్ధతి. కెనడా దేశమున క్యుబెక్ నగరమందలి మెడికాగో అను సంస్థ దీనిని చాలదూరము నడిపించినది. వారు ఎన్నుకొన్నది నికోటియానా బెంథామియానా అను మొక్క. ఆస్ట్రేలియా దాని పుట్టిల్లు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పండు పొగాకునకు అది దాయాది. మొక్కల మొదళ్లపై బుడిపెలు పుట్టించు అగ్రోబాక్టీరియం అను సూక్ష్మజీవి యొకటి కలదు. తన జన్యువులను మొక్క కణములలోనికి చొప్పించుట దానికి వెన్నతో బెట్టిన విద్య. శాస్త్రజ్ఞులు దొంగ చేతికి తాళమిచ్చినట్లు, ఫ్లూ వైరస్ పైపొరలోని ఒక మాంసకృత్తును తయారుచేయు జన్యువును దానికే అప్పగించి, దొంగచేతనే మంచిపని చేయించిరి. ఆ సూక్ష్మజీవులున్న ద్రవములో మొక్కలను తలక్రిందులుగా ముంచి, గాలిని లాగివేసి మరల వదలినచో, ద్రవము ఆకులలోనికి ఇంకును. కొన్ని దినములలో ఆకులు ఆ మాంసకృత్తును తయారుచేయును. అది వైరస్‌ను పోలిన గుల్లలుగా కూడును. ఆ గుల్లలలో వైరస్ జన్యువులు లేవు గనుక అవి వ్యాధిని కలిగింపజాలవు. మన దేహము మాత్రము వానిని చూచి శత్రువును గుర్తించుట నేర్చుకొనును.

2009లో క్రొత్త వైరస్ జన్యుక్రమము వెల్లడియైన మూడు వారములకే వారు ఇట్టి కణములను తయారుచేసిరి. 2012లో అమెరికాలోని నార్త్ కరోలినాలో నెల దినములలో కోటి మోతాదులకు సరిపడు టీకాను చేసి చూపిరి. పిమ్మట 22 వేలకు పైబడిన జనులతో రెండు పరీక్షలు జరిపి, 2020లో ఫలితములను ప్రకటించిరి. మొదటి పరీక్షలో ఆ టీకా ముందుగా పెట్టుకొన్న గురిని అందుకొనలేదు. వృద్ధులతో జరిపిన రెండవ పరీక్షలో గ్రుడ్ల టీకాకు తీసిపోలేదు. డెబ్బది యేండ్ల అనుభవము గల పద్ధతికి పసిబిడ్డ వంటి పద్ధతి సాటిగా నిలిచినదనిన అది అల్పమైన సంగతి కాదు.

2022 ఫిబ్రవరిలో ఇదే రీతిని చేసిన కోవిడ్ టీకాకు కెనడా అనుమతి యొసగినది. కాని ఆ సంస్థలో ఫిలిప్ మారిస్ అను సిగరెట్ల కంపెనీకి వాటా ఉండెను. అందువలన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను అంగీకరింపలేదు. ఇది కాఠిన్యమని కొందరందురు. నేనట్లు తలపను. ఒక చేత ఊపిరితిత్తులను కాల్చుచు, మరియొక చేత మందు అందించువారికి మన్నన చూపనక్కరలేదు. పిమ్మట ఆ వాటా తొలగినది. అయినను 2023 ఫిబ్రవరిలో, యజమానియైన జపాను సంస్థ మెడికాగోను మూసివేయ నిశ్చయించినది. వ్యాపారమునకు అది గిట్టుబాటుగా కనబడలేదు.

నా అభ్యంతరమంతయు ఇచ్చటనే. మహమ్మారి ఏ యేట వచ్చునో ఎవరును చెప్పలేరు. అది రాని యేండ్లలో దాని టీకాకు బేరముండదు. ఊరిలో ఎన్ని ఇండ్లు కాలినవో లెక్కించి, అగ్నిమాపక దళమునకు జీతములిత్తుమా? ఇట్టి మొక్కల శాలలను, వానిని నడుపు నిపుణులను ప్రభుత్వములే ప్రజాధనముతో పోషింపవలెను. మామూలు సంవత్సరములందు ఏటేటి ఫ్లూ టీకాలో కొంతభాగమును అక్కడ చేయించినచో, శాలలు పాడుపడవు, నేర్చిన చేతులు పని మరువవు. పేదదేశములకు ఇంత వ్యయమేల యని అడుగువారు కలరు. 2021లో టీకాలు సంపన్నదేశములకు ముందుగా చేరి, పేదదేశములు వరుసలో వెనుక నిలిచిన సంగతిని వారు మరచినట్లున్నారు.

మెడికాగో మూతపడిన 2023లోనే, అందు పనిచేసిన కొందరు క్యుబెక్‌లో అరామిస్ అను చిన్న సంస్థను నెలకొల్పి, ఆ మొక్కలతోనే మరల పని మొదలిడిరి.