ఫాక్స్‌ప్రో తెలిసినవారికి పని లేదన్నది సగం నిజం

డేటాబేస్ ప్రోగ్రాములు రాసే సాధనమైన ఫాక్స్‌ప్రోకు ఇక కొత్త వెర్షన్ రాదని మైక్రోసాఫ్ట్ 2007 మార్చిలో ప్రకటించింది. విజువల్ ఫాక్స్‌ప్రో 9కి ఇస్తూ వచ్చిన మద్దతును 2015 జనవరి 13తో పూర్తిగా ఆపేసింది. ఆ తర్వాత కూడా దాని మీద రాసిన బిల్లింగ్, జీతాలు, స్టాకు లెక్కల ప్రోగ్రాములు ఎన్నో చోట్ల నడుస్తూనే ఉన్నాయి. వాటిని రాసినవారు ఇప్పుడు నడివయసు దాటుతున్నారు. పని కోసం ఉద్యోగాల పోర్టల్‌లో ఫాక్స్‌ప్రో అని వెతికితే దొరికేది చాలా తక్కువ. చుట్టూ ఉన్నవారు చెప్పే సలహా కూడా ఒక్కటే: ఆ టెక్నాలజీ చచ్చిపోయింది, మర్చిపోయి పైథాన్ నేర్చుకో అని. ఈ సలహాలో సగమే నిజముంది. ఫాక్స్‌ప్రో అనే పేరుకు మార్కెట్లో ధర లేని మాట వాస్తవమే. ఆ పేరు వెనుక ఇరవై, పాతికేళ్లుగా పోగైన పరిజ్ఞానానికి గిరాకీ లేదనడం మాత్రం తప్పు. దాని అవసరం ఉన్న సంస్థలకు ఏమని అడగాలో తెలియడం లేదు. ఆ పరిజ్ఞానం ఉన్నవారికి ఏమని చెప్పుకోవాలో తెలియడం లేదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

పాతబడిన టెక్నాలజీకి పని ఉండదన్న లెక్క డేటాబేసుల విషయంలో నిలవదు. ఐబీఎం వారి ఐఎంఎస్ అనే డేటాబేస్ అపోలో చంద్రయాత్ర అవసరాల్లోంచి పుట్టింది. అంతరిక్ష నౌకకు కావలసిన విడిభాగాల జాబితాను అదుపులో ఉంచడం దాని తొలి పని. కాలిఫోర్నియాలో డౌనీ అనే ఊళ్లోని రాక్‌వెల్ కేంద్రంలో 1968 ఆగస్టులో అది పనిచేయడం మొదలుపెట్టింది. ఇవాళ మన ఇంజినీరింగ్ కాలేజీల్లో నేర్పే రిలేషనల్ పద్ధతిని ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించింది 1970లో. అంటే మన పాఠ్యపుస్తకం కంటే ఐఎంఎస్ పెద్దది. అయినా పెద్ద బ్యాంకులు, బీమా కంపెనీలు దాన్ని నేటికీ వదల్లేదు, దానికి మనుషులను తీసుకుంటూనే ఉన్నాయి. ఫాక్స్‌ప్రో దానికన్నా ఎంతో చిన్నది. వేన్ రాట్‌లిఫ్ రాసిన వల్కన్ అనే ప్రోగ్రాం డీబేస్‌గా మారాక, దాని బాటలోనే అంతకు మించిన వేగంతో పనిచేసే ప్రోగ్రాముగా ఒహాయోలోని ఫాక్స్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఫాక్స్‌ప్రోను తయారుచేసింది. 1992లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొన్నది. ఫాక్స్‌ప్రో ఒక్క టేబుల్‌లో 2 జీబీ మించి దాచలేదు, 32 బిట్‌ల దగ్గరే ఆగిపోయింది. కొన్న కంపెనీకి అమ్ముకోవడానికి సొంతంగా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉండనే ఉంది. ఇంత చిన్న వయసులోనే దానికి తలుపులు మూసుకుపోయాయి. పెద్దదానికి పని ఉండి చిన్నదానికి లేకపోవడానికి కారణం వయసు కాదు, వాటిలో ఎవరి లెక్కలు ఉన్నాయన్నదే. ఐఎంఎస్ వాడే బ్యాంకుకు మానవ వనరుల విభాగం ఉంటుంది, ప్రకటన ఇస్తుంది, కన్సల్టెన్సీని పెట్టుకుంటుంది. ఫాక్స్‌ప్రో వాడే మందుల హోల్‌సేల్ దుకాణమో, ప్రైవేటు స్కూలో, సహకార సంఘమో ఏనాడూ ప్రకటన ఇవ్వవు. ఏదైనా ఆగిపోతే తమ ఆడిటర్‌ను అడుగుతారు, ఆయన ఎవరి పేరో చెబుతాడు. ఇలాంటి పని పోర్టల్‌లో కనిపించకపోతే అసలు పనే లేదనుకోవడం పొరపాటు.

ఇంతకీ ఆ పని ఏమిటి? కొత్తగా ఫాక్స్‌ప్రోలో ప్రోగ్రాం రాయించుకునేవారు ఇక దాదాపు ఉండరు. ఉన్న లెక్కలను కొత్త చోటికి చేర్చాలనుకునేవారు మాత్రం చాలామంది ఉన్నారు. ఇది చూడ్డానికి కనిపించేంత సులువు కాదు. ఫాక్స్‌ప్రోలో డిలీట్ అని ఆదేశం ఇస్తే రికార్డు పోదు, దాని ముందు ఒక గుర్తు మాత్రం పడుతుంది. ప్యాక్ చేసినప్పుడే అది ఫైలులోంచి నిజంగా వెళ్లిపోతుంది. ఏళ్ల తరబడి ప్యాక్ చేయని ఫైళ్లు కొల్లలు. ఈ సంగతి తెలియనివాడు ఫాక్స్‌ప్రో డేటా ఉండే డీబీఎఫ్ ఫైలును ఏదో టూల్‌తో చదివి కొత్త డేటాబేస్‌లో పోస్తే, ఎప్పుడో ఖాతా మూసేసిన సభ్యుడు మళ్లీ బాకీదారుగా ప్రత్యక్షమవుతాడు. ఫీల్డు పేరు పది అక్షరాలు మించకూడదన్న నిబంధన వల్ల పేర్లన్నీ కుదించి ఉంటాయి. ఏఎంటీ1 అంటే అసలా, వడ్డీయా అన్నది ఫైలు చెప్పదు. గ్రేడు అనే ఫీల్డులో 9 అని ఉంటే అది తొమ్మిదో గ్రేడు కాకపోవచ్చు. డెప్యుటేషన్ మీద వచ్చినవారిని వేరుగా గుర్తుపట్టడానికి ఎప్పుడో ఎవరో పెట్టుకున్న ఏర్పాటు కావచ్చు. ఇలాంటి ఏర్పాట్లకు కాగితం మీద ఆధారం ఉండదు. ప్రోగ్రాం రాసినవారి బుర్రలోనో, రోజూ దాని ముందు కూర్చున్న గుమస్తా అలవాటులోనో ఉంటాయి.

తెలుగు సమాచారం దగ్గర ఈ కష్టం రెట్టింపవుతుంది, దీని గురించి మనవాళ్లు తగినంత మాట్లాడుకోలేదని నా అభిప్రాయం. యూనికోడ్ వాడకంలోకి రాకముందు మన ఆఫీసుల్లో పేర్లు, ఊళ్లు, సర్వే వివరాలు తెలుగులో ఎక్కించడానికి సీడాక్ వారి జిస్ట్ కార్డు లాంటి ఏర్పాట్లు ఉండేవి. వాటి వెనుక ఇస్కీ అనే సంకేత పద్ధతి ఉంది, 1991లో అది భారతీయ ప్రమాణమైంది. ఇస్కీలో తెలుగు క, కన్నడ క, హిందీ క మూడింటికీ ఒకే సంకేతం. ఏ లిపిలో చూపాలో వేరే చోట చెప్పుకోవాలి. ఆ తర్వాత విండోస్ వచ్చాక ఫాంట్ల కంపెనీలు ఎవరి సంకేతాలు వారు పెట్టుకున్నాయి. ఫైలు తెరిస్తే కనిపించేవి అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఏ ఫాంటుతో ఎక్కించారో, ఒత్తులు ఎక్కడ పడ్డాయో తెలిసినవారు ఉంటే ఆ సమాచారాన్ని యూనికోడ్‌లోకి తేవచ్చు, లేకపోతే చెత్త అనుకుని పారేస్తారు. ఒక తరం రైతుల పేర్లు, విద్యార్థుల పేర్లు ఇలా మాయమవుతాయి. దీన్ని చదవగలిగినవారు ఇంకా మన మధ్య ఉన్నారు, మరో పదిహేనేళ్లకు ఎందరు మిగులుతారో చెప్పలేం.

పాత మనుషులను ముందే పంపేసి కొత్త వ్యవస్థను తెచ్చుకుంటే ఏమవుతుందో కెనడా ప్రభుత్వం చేసి చూపించింది. దాదాపు మూడు లక్షల మంది కేంద్ర ఉద్యోగుల జీతాల లెక్కలను నలభై ఏళ్ల నాటి పాత వ్యవస్థ నుంచి 2016లో ఫీనిక్స్ అనే కొత్త వ్యవస్థకు మార్చారు. అంతకుముందే ఆయా శాఖల్లో జీతాల పని చూసే సలహాదారుల ఉద్యోగాలు వెయ్యికి పైగా తీసేసి, వారిలో సగానికి మించని సిబ్బందితో న్యూబ్రన్స్‌విక్ రాష్ట్రంలోని మిరమిషీ అనే ఊళ్లో ఒకే కేంద్రం పెట్టారు. ఏటా 7 కోట్ల డాలర్లు మిగులుతాయని లెక్కవేశారు. ఖర్చు తగ్గించడానికి కొన్ని పనులను కొత్త వ్యవస్థలోంచి తీసేశారు, ముందుగా కొద్దిమందితో నడిపి చూడాలన్న ఏర్పాటునూ రద్దు చేశారు. ఫలితంగా వేలాది ఉద్యోగులకు నెలల తరబడి జీతం తక్కువ వచ్చింది, కొందరికి అసలే రాలేదు, మరికొందరికి ఎక్కువ వచ్చి తిరిగి కట్టమని నోటీసులు అందాయి. 2018లో ఆ దేశపు ఆడిటర్ జనరల్ మైఖేల్ ఫెర్గ్యూసన్ దీన్ని ఎంతమాత్రం అర్థంకాని వైఫల్యంగా పార్లమెంటుకు నివేదించారు. ఈ ఉదంతంలో నన్ను ఆలోచింపజేసేది ఒకటే. కొత్త సాఫ్ట్‌వేర్ పేరున్నదే, కట్టినవారూ పేరున్నవారే. ఫలానా శాఖలో షిఫ్టు భత్యం ఎలా లెక్కిస్తారో, ఏ ఒప్పందంలో ఏ మినహాయింపు ఉందో తెలిసిన మనుషులను ఖర్చు కింద రాసుకుని వదిలించుకోవడం మాత్రం కొంపముంచింది.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో ఒక ఆశ కూడా ప్రచారంలో ఉంది. పాత టెక్నాలజీ తెలిసినవారు తగ్గిపోతున్నారు కాబట్టి వారికి బంగారం లాంటి జీతాలు వస్తాయని. కొవిడ్ మొదలైన 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ తమ నిరుద్యోగ భృతి వ్యవస్థ కోసం కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తెలిసినవారు ముందుకు రావాలని పిలుపిచ్చాక ఈ మాట మరీ ఎక్కువైంది. అయితే ఆయన అడిగింది స్వచ్ఛంద సేవకులను. పైగా అలాంటి నిరుద్యోగ భృతి వ్యవస్థల్లో వెనుక నడిచే కోబాల్ కన్నా ముందు తగిలించిన వెబ్ భాగాలే ఎక్కువగా మొరాయించాయని తర్వాత ఈ రంగాన్ని పరిశీలించినవారు రాశారు. అరుదైన భాష తెలియడం ఒక్కటే జీతం పెంచదని చెప్పడానికి ఎపిక్ కంపెనీ ఇంకా మంచి ఉదాహరణ. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చూసే ఈ సంస్థ విస్కాన్సిన్‌లోని వెరోనాలో ఉంది. దాని డేటాబేస్‌కు మూలం 1960లలో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పుట్టిన మంప్స్ అనే భాష. మంప్స్ తెలిసినవారి కోసం ఎపిక్ వెతుక్కోదు, కాలేజీ నుంచి వచ్చినవారిని తీసుకుని తానే నేర్పుకుంటుంది. హైదరాబాద్‌లోని మన అమీర్‌పేట కూడా ఈ మాటే రుజువు చేసింది. వైటూకే రోజుల్లో కోబాల్, డీబీ2, సీఐసీఎస్‌లను అక్కడి ఇన్‌స్టిట్యూట్లు కొద్ది నెలల్లో నేర్పేశాయి, ఎందరో తెలుగువారు ఆ చదువుతోనే అమెరికా వెళ్లారు. నెలల్లో నేర్పగలిగినది ఎంత అరుదైనా ఎక్కువకాలం ధర పలకదు. నేర్చుకోవడానికి ఏళ్లు పట్టేది బీమా క్లెయిము ఎలా నడుస్తుంది, చిట్టీ లెక్క ఎక్కడ తేడా వస్తుంది అన్న తెలివిడి. ఫాక్స్‌ప్రో ప్రోగ్రామర్ తన దగ్గర ఉన్న ఈ రెండో దానిని మొదటి దాని కింద దాచేసి బయోడేటా రాసుకుంటున్నాడు. ఇరవయ్యేళ్ల ఫాక్స్‌ప్రో అనుభవం అని రాసేచోట మందుల పంపిణీ లెక్కల్లో ఇరవయ్యేళ్ల అనుభవం, పాత డేటాను కొత్త వ్యవస్థకు చేర్చగలను అని రాస్తే చదివేవారికి అతని అవసరం తెలుస్తుంది.

ఇది కరిగిపోయే పని కదా, అన్నీ మార్చేశాక ఏం చేస్తారు అని అడగవచ్చు. ఆ మాట నిజమే, అందుకే ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఫాక్స్‌ప్రో నేర్చుకోమని నేను చెప్పను. యాభై ఏళ్లవాడికి కావలసింది మరో పది పన్నెండేళ్ల పని. ఆ మాత్రం ఇందులో ఉందని నేను నమ్ముతున్నాను. అతను రెండో ఒడ్డు కూడా తెలుసుకోవాలి. పోస్ట్‌గ్రెస్ గానీ ఎస్‌క్యూఎల్ సర్వర్ గానీ బాగా రావాలి. అది సున్నా నుంచి మొదలయ్యే చదువేమీ కాదు, 1991లో వచ్చిన ఫాక్స్‌ప్రో 2.0 నుంచే ఎస్‌క్యూఎల్ సెలెక్ట్ అందులో ఉంది. ఇక కృత్రిమ మేధ ఈ పనంతా చేసేస్తుందన్న అభ్యంతరం ఇంకా గట్టిది. కోబాల్‌ను జావాలోకి మార్చే సాధనాన్ని ఐబీఎం 2023లోనే ప్రకటించింది. ఫాక్స్‌ప్రో కోడ్‌ను చదివి వివరించే పని కూడా ఇలాంటి సాధనాలు చేయగలుగుతున్నాయి, అంతమేరకు గంటల కూలీ తగ్గుతుంది. కానీ గ్రేడులో ఉన్న 9 నియమమా, తప్పా అన్నది కోడ్‌లో లేనప్పుడు యంత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? ఊహించి చెబుతుంది, ఆ ఊహను సరిచూడటానికి తెలిసిన మనిషే కావాలి. ఒక్కడే తక్కువ రోజుల్లో ఎక్కువ పని పూర్తి చేయగలిగితే, ఇన్నాళ్లూ ఖర్చుకు భయపడి పాత కంప్యూటర్‌నే పట్టుకు వేలాడిన చిన్న సంస్థలు కూడా ధైర్యం చేస్తాయి.

యజమానుల భయం కూడా కొట్టిపారేయదగ్గది కాదు. ఒక్క మనిషి మీద ఆధారపడితే అతను రాకపోయిన రోజున దుకాణం మూసుకోవాలి. అందుకే పాతవారిని వదిలించుకుని పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలని చూస్తారు. ఆ మనిషికి తెలిసినది రాయించుకోకపోవడం వల్లే ఈ ఆధారం ఏర్పడింది. ప్రతి ఫీల్డుకు అర్థం, ప్రతి మినహాయింపుకు కారణం రాసి ఇవ్వడాన్ని విడిగా ఒక పనిగా ఒప్పుకుని దానికి డబ్బు కట్టాలి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు బిల్లింగ్ ప్రోగ్రాములన్నిటినీ వ్యాట్ నుంచి మార్చాల్సి వచ్చింది. కోడ్ విప్పి చెప్పగలవారు లేని చోట అంతా కొత్తగా మొదలుపెట్టుకోవడమే మిగిలింది.

ప్రభుత్వం తలచుకుంటే దీన్ని పద్ధతిగా చేయవచ్చు. దేశంలోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలను కంప్యూటరీకరించే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 జూన్‌లో తొలుత 2,516 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించింది. కొన్ని రాష్ట్రాల్లో అప్పటికే విడివిడిగా కంప్యూటర్లు వచ్చినా, సాఫ్ట్‌వేర్‌లో ఏకరూపత లేదని ఆ సందర్భంలో ప్రభుత్వమే చెప్పింది. అంటే ఎవరికి వారు రాయించుకున్న ప్రోగ్రాముల్లోని సభ్యుల ఖాతాలు, బాకీలు ఒకే చోటికి చేరాలి. ఇలాంటి పనుల టెండర్లలో డేటా తరలింపును సాఫ్ట్‌వేర్ ధరలో కలిపేయకుండా విడి పద్దుగా చూపాలి. పాత ప్రోగ్రాం తెలిసిన వ్యక్తిని ఆ జిల్లా నుంచే, వయసు పరిమితి పెట్టకుండా, కాంట్రాక్టు మీద తీసుకోవాలన్న షరతు పెట్టాలి. పాతదీ కొత్తదీ రెండూ కనీసం మూడు నెలలు పక్కపక్కన నడవాలి. రెండింటిలో ప్రతి సభ్యుడి బాకీ పైసలతో సహా ఒకటే అని అతను సంతకం చేశాకే కాంట్రాక్టర్‌కు చివరి బిల్లు చెల్లించాలి.