ఎంచుకుని పెంచే మెదడు

ఈ మధ్య మన ఐటీ జనాల నోట బీడీఎన్ఎఫ్ అన్న మాట బాగా వినబడుతోంది. ఫలానా మాత్ర వేసుకుంటే అది పెరుగుతుందట, దాంతో జ్ఞాపకశక్తి పెరుగుతుందట. సర్వర్‌కి ఇంకో నాలుగు జీబీ తగిలించినట్టు! నా మట్టుకు నాకు ఈ లెక్క మొదటి మెట్టులోనే తప్పు.

బీడీఎన్ఎఫ్ ఒక గ్రోత్ ఫ్యాక్టర్, అంటే కణాలకి ఎదగమని సంకేతమిచ్చే ప్రొటీన్. 1982లో పంది మెదడు నుంచి వేరు చేశారు. ఇది తగిలితే నాడీకణంలో ప్రొటీన్ల తయారీ పెరిగే మాట నిజమే. 1996లో కాంగ్, షూమన్ అనేవాళ్ళు ఎలుక మెదడు ముక్కల్లో సినాప్సులుండే భాగాన్ని కణదేహాల నుంచి కోసి విడదీసి చూశారు. అయినా బీడీఎన్ఎఫ్‌తో సినాప్సులు బలపడ్డాయి. ప్రొటీన్ తయారీని ఆపే మందు పెడితే బలపడలేదు. అంటే హెడ్డాఫీసుని అడక్కుండా, అక్కడికి ముందే చేరిన ఎంఆర్ఎన్ఏ కాపీలతోనే పని జరిగిపోతోందన్నమాట.

మరి అన్ని కాపీల్లో దేన్ని వాడాలో ఎవరు చెప్తారు? 2012లో జాన్స్ హాప్కిన్స్‌లోని మోలీ మెఫర్ట్ బృందం దీనికో జవాబు చూపించింది. బీడీఎన్ఎఫ్ ముందు డైసర్ అనే ఎంజైముని పెంచుతుంది. దాంతో ఎంఆర్ఎన్ఏల నోరు నొక్కే మైక్రోఆర్ఎన్ఏలు ఎక్కువవుతాయి. పెంచాల్సింది బ్రేకులు బిగిస్తోందేమిటి అనుకుంటున్నారా? అదే సమయంలో లిన్28 అనే ప్రొటీన్నీ పెంచి, లెట్-7 కుటుంబపు మైక్రోఆర్ఎన్ఏలు మాత్రం తయారవకుండా ఆపుతుంది. లెట్-7 చేతిలో చిక్కిన ఎంఆర్ఎన్ఏలకే విడుదల, మిగతావాటికి ఇంకా బిగింపు. మన భాషలో, అన్ని పోర్టులూ మూసేసి కావలసినవే తెరిచే ఫైర్‌వాల్. లిన్28 లేకపోతే ఈ ఎంపికా లేదు, బీడీఎన్ఎఫ్ ఇచ్చినా డెండ్రైట్లు కొమ్మలు వేయడమూ లేదు.

కాబట్టి "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అన్నది నేనొప్పుకోను. ఏఎల్ఎస్ రోగులు వెయ్యిమందికి పైగా బీడీఎన్ఎఫ్‌నే చర్మం కింద ఇంజెక్షన్లుగా తీసుకున్న పరీక్ష ఫలితాలు 1999లో వచ్చాయి. ఆశించిన మేలు కనబడలేదు. చేరాల్సిన చోటికి చేరడమే ఒక పెద్ద చిక్కు, చేరాక ఈ ఎంపిక ఇంకో చిక్కు.

మతిమరుపు మొదలైన అమ్మానాన్నల కోసం ఆశగా ఈ సీసాలు కొనేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. ఆ డబ్బుతో వాళ్ళకి మంచి చెప్పులు కొనివ్వండి. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏడాదిపాటు నడిచిన పెద్దవాళ్ళలో జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. నడకైతే ఏ ప్రొటీను కావాలో మెదడే ఎంచుకుంటుంది. సీసా అమ్మేవాడికి ఆ సంగతి ఏం తెలుసు చెప్పండి?