గని మూసిన మర్నాటి సంగతేటి?

"ఉద్యోగాలొస్తాయి, రోడ్డొస్తాది" అని కంపెనీ మనిషి గ్రామసభలో చెప్తే మీరు అడగాల్సింది ఒక్కటే. బాబూ, గని మూసిన మర్నాటి సంగతేటి?

జవాబు కోలార్‌లో ఉంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ తవ్వకం మొదలెట్టింది. 120 ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం తీశారు. మన ఊళ్లు కిరసనాయిలు బుడ్డి కూడా సరిగ్గా చూడని రోజుల్లో, 1902లోనే, శివనసముద్రం నుంచి ఆ గనికి కరెంటు లాగారు. కిందికి దిగిందెవరు? తమిళ దేశం నుంచి, మన చిత్తూరు వైపు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన దళితులు, పేదలు.

అక్కడ బంగారం ముద్దలుగా దొరకదు. 250 కోట్ల ఏళ్లు దాటిన నల్లరాతిలో తెల్లటి క్వార్ట్జ్ సన్నటి పట్టీలా దిగి ఉంటుంది, బంగారం ఆ పట్టీలో రేణువులుగా ఉంటుంది. పట్టీ ఎంత లోతుకు పోతే మనిషీ అంత లోతుకు పోవాలి. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటింది. ఆ లోతులో రాయి వేడెక్కి ఉంటుంది, ఒత్తిడికి పేలుతుంది. మొదట్లో టన్ను రాయికి 40 గ్రాములు దాటిన బంగారం చివరికి 5 గ్రాములు కూడా రాలేదు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ తాళం వేసింది. అదే సంస్థ నడిపిన అనంతపురం రామగిరి, కుప్పం దగ్గరి చిగురుగుంట గనులూ మూతపడ్డాయి.

మిగిలింది 13 సైనైడ్ దిబ్బలు, 3 కోట్ల టన్నులకు పైగా పొడి. గాలేస్తే ఇళ్లలోకే. ఆ దిబ్బల్లో మిగిలిన బంగారం కోసం మళ్లీ తవ్వడానికి 2024లో కర్ణాటక ప్రభుత్వం ఒప్పుకుంది. దుమ్ముకీ రేటు కట్టారు! బకాయిల కోసం కోర్టుల చుట్టూ తిరిగిన కార్మికుడికి మాత్రం ఎవరూ అంత తొందర చూపలేదు.

మనకాడ బంగారం లేదు కదా అంటారా? మన కొండరాయి పేరు ఖోండలైట్. వాకర్ అనే శాస్త్రవేత్త 1902లో ఖోండు జాతి పేరు మీదే పెట్టాడు. రాయికి మన పేరు, లీజుకి పరాయి పేరు. ఆ రాయి మీదే బాక్సైట్ ఉంది. ఆ కొండలు అరిగి గెడ్డల్లో కొట్టుకొచ్చిన గార్నెట్, ఇల్మనైటే భోగాపురం తీరం ఇసుకలో ఎర్రగా, నల్లగా మెరుస్తాయి. విజయనగరం వైపు మాంగనీసు తవ్వకమైతే 1892 నాటిది.

1997 సమతా తీర్పు ఉందిలే అని గుండె మీద చెయ్యేసుకుని పడుకోకండి. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రైవేటు కంపెనీకి లీజు చెల్లదని అది చెప్పింది, నిజమే. కానీ మన రెండు జిల్లాల్లో ఎన్నో ఆదివాసీ గ్రామాలు ఆ గీతకి బయటే ఉన్నాయి. అక్కడ ఆ తీర్పు మనకు అడ్డు నిలబడదు.

గని మూసివేత ప్లాను, దానికి కట్టాల్సిన పూచీ సొమ్ము అని చట్టంలోనే ఉన్నాయి. ఆ కాగితం తెలుగులోనూ, మీ ఇంటి భాషలోనూ సభలో చదివించండి. దిబ్బ ఎక్కడ పోస్తారు, గెడ్డ నీళ్లు ఎవరు పరీక్షిస్తారు, సొమ్ము ఎంత కట్టారు? ఇవి చెప్పేదాకా తీర్మానం పుస్తకం మీద సంతకం పెట్టకండి, పెద్దోళ్లతో వేలిముద్ర వెయ్యనివ్వకండి.