తాకట్టు కాదు, అమానత్

కూలి ఇచ్చి పని చేయించుకునేవాడికి ఆ పని మీద హక్కు ఉంటుంది. పనిచేసిన మనిషి పెట్టె మీద, బట్టల మీద, కాగితాల మీద ఆ హక్కు ఉండదు. ఇది ఎవరూ కాదనలేని మాట. అయినా ఈ చిన్న న్యాయం కోసం మన ఇళ్లలో ఎంతోమంది ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు.

పెద్దమండ్యం, గుర్రంకొండ, కలకడ మొదలుకొని రాయచోటి, కడప దాకా ఉన్న మెట్ట నేలల సంగతి మనకు తెలియనిది కాదు. వాన రాకపోతే వేరుశనగ లేదు. టమోటా పండినా మదనపల్లె మార్కెట్లో ఏ రోజు ఏ ధర పలుకుతుందో చెప్పలేం. అందుకే కువైట్, సౌదీ, ఖతర్ దారి పట్టిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. మగవారు డ్రైవర్లుగా, కూలీలుగా వెళ్తారు. ఆడవారు ఇంటి పనికి వెళ్తారు. బయలుదేరేటప్పుడు చేతిలో పాస్‌పోర్టు, పెట్టెలో నాలుగు జతల బట్టలు, ఒక జానమాజ్, ఊరగాయ సీసా ఉంటాయి. అక్కడ దిగిన రోజే చాలామంది పాస్‌పోర్టు కఫీల్ బీరువాలోకి చేరుతుంది. భద్రంగా ఉంచుతామంటారు. పని సాగినంతకాలం అది భద్రంగానే ఉంటుంది. ఇక పని మానుకుంటానన్న రోజున అదే తాకట్టు వస్తువుగా మారిపోతుంది.

బాకీ జీతం అడిగినా, ఒంట్లో బాగాలేదు ఇంటికి పంపమన్నా ఒకటే జవాబు: వీసాకు పెట్టిన డబ్బు కట్టి పాస్‌పోర్టు తీసుకుపో. భరించలేక కట్టుబట్టలతో బయటపడిన స్త్రీ మీద పరారీ కేసు పడుతుంది. గదిలో మిగిలిపోయిన ఫోను, గొలుసు, దాచుకున్న దీనార్లు ఎక్కడివక్కడే ఉండిపోతాయి. చివరికి మన రాయబార కార్యాలయం ఔట్‌పాస్ ఇస్తుంది. ఔట్‌పాస్ మనిషిని ఇంటికి చేరుస్తుంది, పెట్టెను చేర్చదు. కువైట్ ప్రభుత్వం 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అకామా లేక చిక్కుకున్న మనవారికి తిరిగివచ్చే దారి దొరికింది. మనిషి ప్రాణాలతో వచ్చాడు, అది చాలని ఇంట్లోవారు సంతోషించారు. ఆ సంతోషం సహజమే. కానీ అక్కడ పోయింది ఒక పెట్టె మాత్రమే కాదు, ఆ మనిషి కష్టార్జితం. దానిని అడగడం దురాశ కాదు, హక్కు.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు ఎల్లప్పుడూ భారత ప్రభుత్వ ఆస్తి. పోలీసులు స్వాధీనం చేసుకున్న పాస్‌పోర్టును సైతం అట్టిపెట్టుకునే అధికారం పాస్‌పోర్టు అధికారికే ఉంటుందని 2008లో సురేశ్ నందా కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. పోలీసులకే లేని అధికారం ఒక ఇంటి యజమానికి ఎక్కడిది? గల్ఫ్ చట్టాలు కూడా ఇప్పుడు ఇదే మాట చెబుతున్నాయి. ఖతర్ 2015లో చేసిన చట్టం పాస్‌పోర్టు లాక్కున్న యజమానికి 25 వేల రియాళ్ల వరకు జరిమానా విధిస్తుంది. గుర్తింపు పత్రాలు పనిమనిషి దగ్గరే ఉండాలని ఎమిరేట్స్ 2022 నాటి చట్టం చెబుతుంది. కువైట్‌లో ఇంటి పనివారి కోసం 2015లో చేసిన 68వ నంబరు చట్టం కూడా పాస్‌పోర్టు, సివిల్ ఐడీ వంటివి యజమాని ఉంచుకోరాదంటుంది. అయితే అందులో ఒక మెలిక ఉంది. పనిమనిషి ఒప్పుకుంటే ఉంచుకోవచ్చు! అరబీలో ఉన్న కాగితం మీద చదవకుండా పెట్టిన సంతకమే ఆ ఒప్పుకోలుగా చూపిస్తే ఏం చేయగలం? అందువల్ల అర్థంకాని కాగితం మీద సంతకం చేయరాదన్న మాట వెళ్లేవారికి నూరిపోయాలి.

మనసుకు మరింత బాధ కలిగించే విషయం ఒకటుంది. ఆ బీరువా తాళంచెవి చాలాసార్లు మనలాగే కలిమా చదివేవారి చేతిలోనే ఉంటుంది. అందరు యజమానులూ అలాంటివారని మేము అనడం లేదు. పనిమనిషిని ఇంటి ఆడపడుచులా చూసి, చేతినిండా కానుకలతో పంపినవారూ ఉన్నారు. కానీ పాస్‌పోర్టును తాకట్టుగా పట్టుకున్నవారు అమానత్ అనే మాటకు అర్థం మరచిపోయారు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలన్న ఆదేశం దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరాలో ఉంది. దైవప్రవక్త (స) మక్కా విడిచి వెళ్లిన ఆ రాత్రిని గుర్తుచేసుకోండి. క్రీస్తు శకం 622లో మక్కా పెద్దలు ఆయన ప్రాణం తీయడానికి కుట్ర పన్నారు. అలాంటి సమయంలో కూడా ఆ ఊరివారు ఆయన దగ్గర దాచుకున్న సొమ్ములు ఉన్నాయి. వాటిని ఎవరివి వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని మక్కాలోనే ఉంచి వెళ్లారు. అన్నీ అప్పగించాకే అలీ (రజి) మదీనాకు బయలుదేరారు. శత్రువుల సొమ్మునే అంత జాగ్రత్తగా తిరిగి ఇచ్చిన ప్రవక్త (స) అనుచరులం మనం. మన ఇంట్లో చెమటోడ్చిన మనిషి వస్తువును ఆపడానికి ఏ సాకు చెప్పగలం?

ఇది ఎడారి దేశాలవారికి చెప్పి ఊరుకునే పాఠం కాదు. టీచరు ఉద్యోగానికి చేరిన అమ్మాయి అసలు సర్టిఫికెట్లు తీసి పెట్టుకునే ప్రైవేటు స్కూళ్లు మన పట్టణాల్లో లేవా? ఏడాది మధ్యలో మానేస్తే అవి ఇవ్వమని బెదిరించడం లేదా? దుకాణం మానేసిన కుర్రవాడి ఆధార్ కార్డును, మెకానిక్ సొంత పనిముట్లను ఆపే యజమానులు మనలో లేరా? ఒక పని కోసం అప్పగించిన వస్తువును ఆ పని తీరగానే, అడగకపోయినా తిరిగి ఇవ్వాలని 1872 కాంట్రాక్టు చట్టం 160వ సెక్షన్ చెబుతుంది. బాకీ ఉంటే బాకీ అడగవచ్చు. పత్రాలు పట్టుకుని మనిషి బతుకుతెరువును ఆపడం న్యాయం కాదు. అలాగే పని మానినవారు కూడా యజమాని తాళాలు, బండి, లెక్కల పుస్తకాలు అప్పగించి రావాలి. అమానత్ ఇద్దరికీ ఒకటే.

వెళ్లేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రం నకళ్లు ఒక కట్ట ఇంట్లో, ఒక కట్ట తమ వద్ద ఉంచుకోవాలి. వెంట తీసుకెళ్లే నగలు, ఫోను వివరాలు రాసి ఇంట్లో ఇచ్చిపోవాలి. జీతాన్ని యజమాని దగ్గర దాచమని ఇవ్వకుండా నెలనెలా ఇంటికి పంపాలి. వస్తువులు ఆపితే బయటపడిన వెంటనే రాయబార కార్యాలయంలో ఇచ్చే ఫిర్యాదులో, ఔట్‌పాస్ అడగడంతో పాటు, మిగిలిపోయిన జీతాన్ని, వస్తువులను ఒక్కొక్కటిగా రాయించాలి. ఇక్కడి కుటుంబం విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడే కన్నుమూసినవారి విషయంలో శవపేటిక వచ్చాక అంతా ముగిసిందని ఊరుకోరాదు. వారి సామాను, జీతం బాకీ వారసులవి. వాటి కోసం రాయబార కార్యాలయానికి రాయాలి.

ఈ పనులన్నీ చదువురాని తల్లి ఒంటరిగా చేయలేదు. ప్రతి మసీదు కమిటీ చదువుకున్న ఇద్దరు యువకులకు ఈ బాధ్యత అప్పగించాలి. జుమా తర్వాత ఒక అరగంట కూర్చుని వారు ఫిర్యాదులు రాసిపెడితే చాలు. మనిషి తిరిగివచ్చాడని షుక్ర్ చెప్పుకుందాం. ఆ మనిషి సొమ్ము కూడా తిరిగివచ్చేదాకా అడుగుతూనే ఉందాం.